కాగితానికి నావి, దుప్పికి ఆమెవి

మా అన్నయ్య అర్వోకి ఇద్దరు భార్యలు. ఒకరు పోయాక ఇంకొకరే లెండి, ఇద్దర్నీ చర్చిలోనే పెళ్ళాడాడు. మొదటి ఆవిడ హిల్యా పోయి చాలా కాలమైంది. రెండో ఆవిడ కొరిన్ నిక్షేపంలా ఉంది. అయినా ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందని అడిగితే, పోయినావిడ మాటే అని మా వీధిలో ఎవరైనా చెబుతారు.

నేను అర్వో చెల్లెల్ని, ఎల్మాని. పక్క ఇల్లే నాది. మధ్యలో ఉన్న ఆవిరిస్నానం గది రెండిళ్ళకీ ఉమ్మడి. అందుకని ఆ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుంది.

ఈ గొడవంతా తూటాల దగ్గర మొదలైంది. మా వైపు నవంబరు సగంలో దుప్పుల వేట తెరుస్తారు. ఆ రోజు బడి ఉండదు, ఊరి గనిలో సగం మంది కనిపించరు. మగవాళ్ళంతా పెద్ద పెద్ద తుపాకులు భుజాన వేసుకుని అడవిలోని వేట గుడిసెలకి పోతారు. మా అన్నయ్యది మాత్రం సన్న గుండు రైఫిలు. గనిలో రాయి పడి అతని కుడి భుజం చితికింది. పెద్ద తుపాకి పేలిస్తే అది వెనక్కి తన్నే తన్నుకి కళ్ళ వెంట నీళ్ళొచ్చేవి. ఇక నాకు వేట లేదని ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. అప్పుడు హిల్యా వదిన ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఆ సన్న రైఫిలు కొనుక్కొచ్చింది. ఎలుకల తుపాకి అని గుడిసెలో అందరూ ఏడిపించారు. ఆమె పట్టించుకోలేదు. పైగా దానికి కొట్టులో దొరికే తూటాలు వద్దని, తనే ఇంట్లో తయారు చేయడం నేర్చుకుంది.

సన్న గుండుతో దుప్పి పడాలంటే అది తగలాల్సిన చోటే తగలాలి. ముందు కాలి వెనక అరచేయంత చోటు, అంతే. కాబట్టి ఒక తూటాకీ ఇంకో తూటాకీ వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. హిల్యా నేలమాళిగలో బల్ల వేసుకుని, మీట తిప్పే యంత్రం, చిన్న త్రాసు పెట్టుకుని మందు తూచేది. పేలిన ఇత్తడి గొట్టం తుపాకి కడుపు ఎలా ఉంటే అలాగే ఉబ్బి, ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. చాలామంది దాన్ని మళ్ళీ అచ్చులో పెట్టి మొత్తం నొక్కేస్తారు. హిల్యా అలా చేసేది కాదు, గుండుని పట్టుకునే మెడ ఒక్కటే బిగించేది. అలా చేసిన తూటా మా అన్నయ్య రైఫిల్లో నున్నగా కూర్చుంటుంది, ఇంకెవరి రైఫిల్లో పెట్టినా దాని వెనక మూత పడదు. ఇది పక్కవాడికి పనికిరాదు అని చెప్పి ఆమె నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆమె చేసిన యాలకుల రొట్టె పొంగినట్టు నాది ఎన్నడూ పొంగలేదు, ఆమె అల్లిన మేజోళ్ళు చిరిగేవి కావు, ఇప్పుడు తూటాలు కూడానా అనిపించేది. పోయినవాళ్ళ గురించి అబద్ధమెందుకు, నాకూ హిల్యా అంటే కొంచెం మంటే.

ఇంకొక పని కూడా చేసేది. మా మంచులో, తడిలో తూటా అడుగున మందుకి నిప్పంటించే చిన్న టోపీలోకి చెమ్మ దిగకుండా, దాని చుట్టూ గోళ్ళరంగు పూసేది. ముదురు ఎరుపు. ఆ ఎర్ర చుక్క చూస్తే చాలు, అవి హిల్యా తూటాలని గుడిసెలో అందరికీ తెలుసు.

ఆమె జబ్బుపడ్డ ఏడాది కూర్చుని కూర్చుని రెండు పెట్టెల నిండా చేసి పెట్టింది. ఎందుకో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు.

తర్వాత కొన్నేళ్ళకి కొరిన్ వచ్చింది. సరస్సు ఒడ్డు పట్నంలో బేకరీ నడిపిన మనిషి, భర్త పోయినది. నవ్వుతూ ఉంటుంది, గట్టిగా మాట్లాడుతుంది, మా అన్నయ్యంటే ప్రాణం. వచ్చిన కొత్తలో గోడ మీది హిల్యా ఫోటోని తనే దుమ్ము దులిపేది. హిల్యా గిన్నెల్లోనే వండేది. హిల్యా పేరు పది మాటల్లో ఒకసారి వినబడినా చిరునవ్వు చెక్కుచెదిరేది కాదు. ఇంత మంచిదేమిట్రా బాబూ అనుకున్నాను. ఆ మంచితనం మొదటి వేట రోజు దాకానే.

అప్పటికి ఆమె కూడా తూటాలు చేయడం నేర్చుకుంది. నేర్పింది అన్నయ్యే. బేకరీలో చిటికెడు సోడా కూడా తూచి వేసిన చెయ్యి కదా, రెండు నెలల్లో పట్టుబడింది. ఇసుక గుంట దగ్గర కాగితం కట్టి కాలిస్తే మూడు రంధ్రాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అన్నయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఊళ్ళో కనబడిన వాడికల్లా చూపించాడు. కొరిన్ కాలు నేల మీద నిలవలేదు. వేట ముందు రోజు తను చేసిన తూటాలు చిన్న సంచిలో పోసి అతని కోటు పక్కన పెట్టింది.

పొద్దున్నే మా అన్నయ్య ఆ సంచి పక్కకి జరిపి, అల్మారాలోంచి హిల్యా పెట్టె తీశాడు. అందులోంచి ఎర్ర చుక్క తూటాలు నాలుగు తీసి చొక్కా ఎడమ జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. కొరిన్ అక్కడే కాఫీ పట్టుకుని నిలబడి ఉంది. నేను రొట్టె ఇవ్వడానికి వచ్చాను కాబట్టి చూశాను.

"నీవి కాగితానికి బంగారంలా ఉంటాయి కొరిన్" అన్నాడు, ఎంతో ప్రేమగానే. "దుప్పికి మాత్రం హిల్యావే."

అతని మనసులో ఏ పాపమూ లేదు. అదే మరీ కడుపు మండించే సంగతి. తిట్టినవాడిని తిరిగి తిట్టొచ్చు. ప్రేమగా చెప్పినవాడిని ఏం చేయగలం? ఆ ఏడాదే కాదు, ఆ తర్వాత ప్రతి ఏడూ అదే తంతు. వేసవంతా కొరిన్ తూటాలు కాగితాలకీ, ఖాళీ బీరు డబ్బాలకీ. నవంబరు రాగానే ఎడమ జేబులో హిల్యా. గురి తప్పకుండా ఏటా ఒక దుప్పి పడుతూనే ఉంది. హిల్యా చేతి మహిమ అని ఏటా ఆమె పేరు మోగుతూనే ఉంది.

కొరిన్ ముఖం మాడ్చుకుని తిరిగేది. ఫోటో దులపడం మానేసింది. ఆ అల్మారా తలుపు తెరవాల్సి వస్తే కళ్ళు తిప్పుకునేది. ఒకసారి ఆవిరి గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు నేను గిల్లాను.

"చచ్చిపోయినావిడ మీద కుళ్ళేమిటి వదినా నీకు?"

"బతికుంటే జుట్టు పట్టుకునేదాన్ని ఎల్మా" అంది. "దీన్నెక్కడ పట్టుకోను?"

నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆమె ఏడవలేదు గానీ వేడి రాళ్ళ మీద నీళ్ళు కుండ మొత్తం కుమ్మరించింది. ఇద్దరం ఉడికిపోయి బయటికి పరిగెత్తాం.

కొరిన్ రాకముందు కాగితాలకి కూడా అవే కాల్చేసేవాడు కాబట్టి, రెండు పెట్టెలూ తరుగుతూ తరుగుతూ చివరికి అయిదు తూటాలు మిగిలాయి. అవి అయిపోతే ఇక నీవే గదా, నాలుగైదేళ్ళు ఓపిక పట్టు అని నేను చెప్పి చూశాను. ఓపిక అనేది ఆమె దగ్గర ఎప్పుడో నిండుకుంది. ఆవిడవి అయిపోయాక గతిలేక వాడేవి కాకూడదు నావి అంది. ఆమెవి ఉండగానే నావి పట్టుకెళ్ళాలి, అదీ లెక్క అంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం పాలు అడగడానికి వాళ్ళింటికి వెళితే నేలమాళిగలోంచి గోళ్ళరంగు వాసన గుప్పున కొట్టింది. కొరిన్ జన్మలో గోళ్ళకి రంగు వేయదు. మెట్లు దిగి చూస్తే ఆమె బల్ల ముందు కూర్చుని, నాలుక బయటపెట్టి, చిన్న కుంచెతో తూటాల అడుగున ఎర్ర చుక్కలు దిద్దుతోంది. హిల్యా వాడిన ఖాళీ గొట్టాలే, మెడ ఒక్కటే బిగించినవే, అదే గుండు, అదే మందు. పక్కన హిల్యావి అయిదూ వరసగా పెట్టుకుని రంగు సరిపోయిందో లేదో చూసుకుంటోంది.

"మందుల కొట్టులో ఆ పిల్ల ఏ గౌను మీదికండీ అని అడిగింది" అంది నన్ను చూసి, సిగ్గేమీ లేకుండా. "ఏం చెప్పను? మా సవతి మీదికి అన్నాను."

కొత్తవి అయిదూ హిల్యా పెట్టెలో పెట్టేసింది. పాతవి ఒక కాఫీ డబ్బాలో వేసి నా చేతికిచ్చింది. పారేయడానికి చెయ్యి రావడం లేదట, తన ఇంట్లో ఉంటే నిద్ర పట్టదట. ఈసారి దుప్పి పడ్డాక, అందరూ చేరాక, ఇది నాది అని చెబుతాను, అప్పుడు చూడు నీ అన్న ముఖం అంది. చెప్పొద్దూ, నాకూ ఆ ముఖం చూడాలనే ఉంది. డబ్బా తీసుకెళ్ళి నా వంటింట్లో పిండి వెనక దాచాను.

ఆ ఏడు మా అన్నయ్య కొట్టిన దుప్పి మా ఊరు చాలా కాలంగా చూడనంత పెద్దది. సారాకొట్టు ముందు పాతిన దూలానికి దాన్ని వేలాడదీస్తే కొమ్ముల్ని చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి వచ్చారు. దూరం కూడా మామూలు దూరం కాదు, చెట్లు కొట్టేసిన మైదానానికి ఆ చివర నుంచి. ఒకే గుండు. పడిన చోటి నుంచి అడుగు కూడా వేయలేదు. మా అన్నయ్య బీరు గ్లాసు పట్టుకుని మెట్టు ఎక్కాడు. మామూలుగా పెళ్ళిళ్ళలో కూడా నోరు విప్పని మనిషి. ఆ రోజు మాట్లాడాడు. ఈ ఎలుకల తుపాకిని చూసి నవ్వినవాళ్ళంతా రండి, చూడండి అన్నాడు. హిల్యా పోయి ఇన్నేళ్ళయినా నా చేతిని ఆమే పట్టుకుని ఉంది, అలాంటి తూటా చేసే చెయ్యి ఇక పుట్టదు అన్నాడు. గనిలో రాళ్ళు మోసిన మొరటు మగవాళ్ళు టోపీలు తీశారు.

నేను కొరిన్ వైపు చూశాను. చెప్పు, ఇప్పుడు చెప్పు అని కళ్ళతో సైగ చేశాను. ఆమె నోరు తెరిచింది. చుట్టూ టోపీలు తీసి నిలబడ్డ మనుషుల్ని చూసింది. అక్కడ ఆ మాట ఎలా అంటుంది? చచ్చిపోయినావిడ మీద ఉమ్మేసినట్టు ఉంటుంది. తల దించుకుని అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

ఇంటికి వచ్చే దారిలో నాతో ఒకే మాట అంది.

"నా మీద నేనే కుళ్ళుకునేలా చేశాడు గదా మీ అన్న."

ఆ తర్వాత ఆ ఏడాదంతా ఇంట్లో వింత. అన్నయ్య ఆ గొప్ప గురించి చెప్పినప్పుడల్లా కొరిన్ ముఖం ఒక క్షణం వెలిగేది, హిల్యా పేరు రాగానే ఆరిపోయేది. పొగిడింది తన చేతినే, పేరు ఇంకొకరిది. ఎవరి మీద కోప్పడాలో తెలియక నా మీద కోప్పడేది.

మళ్ళీ ఆకురాలు కాలం వచ్చింది. ఒక ఆదివారం భోజనాల దగ్గర అన్నయ్య హిల్యా పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. మిగిలిన నాలుగూ ఇక కాల్చను అన్నాడు. అంత పెద్దదాన్ని కొట్టాక వీటిని చిన్నాచితకా దుప్పుల మీద పాడుచేయడానికి మనసొప్పడం లేదట. ఇక నుంచి వేట రోజున తోడుగా జేబులో ఉంచుకుంటాడట. తను పోయాక ఆ నాలుగూ తన ఎడమ జేబులో పెట్టి పూడ్చమన్నాడు. తుపాకిలోకి మాత్రం ఇక కొరిన్ తూటాలే.

కొరిన్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమె ఇన్నేళ్ళూ కోరుకున్న మాట అది. కానీ అతనితో పాటు మట్టిలోకి పోయేవి ఆమె చేసినవి, హిల్యా పేరు మీద. తర్వాత గిన్నెలు కడుగుతూ నా చెవిలో అంది, శవపేటికలో కూడా నేను ఆవిడ వేషమే వేయాలా అని. అంటూనే నవ్వేసింది. పోనీలే, తుపాకిలోకి నేను వెళ్తున్నాను, ఇక నా పేరే మోగుతుంది అంది. ఆ నెలంతా ఆమె పాడుతూ తిరిగింది. మందు ఒకటికి మూడుసార్లు తూచింది. కొత్త తూటాలకి ఏ రంగూ పూయలేదు. టోపీ చుట్టూ రంగు లేని లక్క పూసి, ఇవి నావి అని అందరికీ తెలియాలి అంది.

వేట రోజు మధ్యాహ్నం మేమిద్దరం మాంసం, బంగాళాదుంపలు కూరిన పాస్టీలు వేడివేడిగా గుడ్డల్లో చుట్టుకుని వేట గుడిసెకి వెళ్ళాం. తలుపు తీసేసరికి లోపల గోలగోలగా ఉంది. మా అన్నయ్య స్టవ్ పక్కన నిలబడి ఉన్నాడు. అతని నేస్తం ఏనార్ వెనక నిలబడి, పెద్ద కత్తెరతో చొక్కా అంచు చరచరా కత్తిరిస్తున్నాడు. మా గుడిసెల్లో అదొక ఆచారం. దుప్పిని చూసి కాల్చి గురి తప్పినవాడి చొక్కా తోక కోసి, పేరు రాసి గోడకి మేకు కొడతారు. ఆ గోడ మీద ఏనార్ తోకలే అరడజను. మా అన్నయ్యది ఒక్కటీ లేదు, ఆ రోజు దాకా.

కొరిన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

రాయి విసిరితే తగిలేంత దగ్గర్లో నిలబడిందట దుప్పి, పక్కకి తిరిగి మరీ. అన్నయ్య కాల్చాడు. గుండు ఎటో పోయింది. ఏనార్ కత్తిరించిన గుడ్డ ముక్క ఊపుతూ ఆమె వైపు తిరిగాడు.

"రావమ్మా రా, నీ తూటా బీరు డబ్బాల మీదే పెరిగింది కదా, పాపం దుప్పిని చూసి సిగ్గుపడింది."

అందరూ పగలబడి నవ్వారు. అలా ఏడిపించుకోవడం మాకు మామూలే. కొరిన్ కూడా ఇంకో రోజైతే వాడికి నాలుగు వడ్డించేది. ఆమె ఏనార్ని చూడలేదు. మొగుణ్ణి చూసింది, నా తూటాని ఒక మాట అననివ్వడు అన్నట్టు.

అన్నయ్య చొక్కా సర్దుకుంటూ మెల్లగా అన్నాడు, "తప్పు తూటాది కాదులే. మీట నొక్కబోతుంటే ఇది హిల్యాది కాదు గదా అనిపించింది. చెయ్యి వణికింది. అంతే."

ఇంతకంటే ఏనార్ ఎగతాళే నయం. కొరిన్ పాస్టీల బుట్ట బల్ల మీద ఠక్కున పెట్టింది.

"పోయినేడు వణకలేదే?"

"పోయినేడు హిల్యా ఉంది."

"లేదు" అంది కొరిన్. "పోయినేడు నేనున్నాను. ఆ దుప్పిని పడగొట్టింది నా తూటా. నీ జేబులో ఉన్నవీ నావే. ఎర్ర రంగు పూసి ఆ పెట్టెలో నేనే పెట్టాను. నీకు తేడా తెలియలేదు అర్వో. ఎందుకంటే తేడా లేదు."

ఏనార్ కత్తెర కింద పెట్టాడు. నేను అన్నయ్య ముఖం చూస్తున్నాను. ఏడాది పాటు చూడాలనుకున్న ముఖం అది. అందులో కోపం వస్తుందనుకున్నాను, సిగ్గు వస్తుందనుకున్నాను, కనీసం ఓహో నీదా అన్న మాటైనా వస్తుందనుకున్నాను. పెదవులు తెల్లబడ్డాయి.

"హిల్యావి ఏం చేశావు?" అన్నాడు.

అదొక్కటే అడిగాడు. అంత దూరం నుంచి అంత పెద్ద దుప్పిని ఆమె చేతి తూటా కొట్టిందన్న మాట అతని చెవికి ఎక్కనే లేదు. పారేశావా, కాల్చేశావా అని మళ్ళీ అడిగాడు. ఆమె తరఫున నేను చెప్పాను, మా ఇంట్లో ఉన్నాయని.

అతను కోటు కూడా తొడుక్కోలేదు. ముగ్గురం ట్రక్కులో ఎక్కి మంచులో మా ఇంటికి వచ్చాం. కొరిన్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. ఇక తిడతాడు, పొమ్మంటాడు, కనీసం తనని తనుగా చూసి తిడతాడు. దానికీ సిద్ధపడే కూర్చుంది.

వంటింట్లో కాఫీ డబ్బా తీసి ఇచ్చాను. అన్నయ్య మూత తీసి తూటాలు అరచేతిలోకి వంపుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో తడిమి లెక్కపెట్టాడు. అయిదూ ఉన్నాయి. అతని ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విచ్చుకుంది. అలాంటి వెలుగు ఆ ముఖంలో హిల్యా పోయాక నేను చూడలేదు.

"దాచిపెట్టావా కొరిన్?" అన్నాడు. "నేను పిచ్చివాడిలా కాల్చుకుంటూ పోతుంటే, అయిపోతాయని నువ్వు దాచిపెట్టావా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాచిపెట్టడమేమిటి, అని మొదలుపెట్టబోయాను. కొరిన్ నా వైపు చూసి తల అడ్డంగా ఆడించింది.

అన్నయ్య ఎడమ జేబు గుండీ విప్పాడు. అందులోంచి నాలుగు తూటాలు తీసి నా బల్ల మీద పంచదార గిన్నె పక్కన పెట్టాడు. పొద్దుటి నుంచి అతని గుండె మీద ఉన్నవి అవి, కొరిన్‌వి. ఖాళీ అయిన జేబులో హిల్యావి అయిదూ వేసి గుండీ పెట్టుకున్నాడు.

"ఏడాదికొకటి చాలు. ఈ వయసులో ఇక నేను బతికున్నంత కాలం ఇవి సరిపోతాయి" అన్నాడు. "ఇలాంటి మనసు ఎవరికుంటుంది కొరిన్?"

అంటూ ఆమెని దగ్గరికి లాక్కుని గట్టిగా కావలించుకున్నాడు. నలుగురిలో పెళ్ళాం చెయ్యి కూడా పట్టుకోని మనిషి, నా ముందే ఏడుస్తూ ఆమె జుట్టులో ముఖం దాచుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ కొరిన్ ఎదురుచూసిన కౌగిలి అది. జేబులోని తూటాలు ఆమె రొమ్ముకి ఒత్తుకుంటున్నాయి. ఆమె చేతులు కాసేపు అటూ ఇటూ వేలాడి, తర్వాత మెల్లగా అతని వీపు మీదికి వెళ్ళాయి.